పూతలపట్టు దగ్గర వంతెన దాటిన నాణెం

బ్లాక్‌చెయిన్ అనే సబ్జెక్టు నా మీద వచ్చి పడింది తప్ప నేను కోరుకున్నది కాదు. మా కాలేజీలో మూడో సంవత్సరం పిల్లలకు దాన్ని కొత్తగా పెట్టారు. కంప్యూటర్ సైన్స్ డిపార్ట్‌మెంట్‌లో ఎవరికి వాళ్లు తప్పుకున్నారు. ఒకరికి ప్రాజెక్టులు ఎక్కువ, ఇంకొకరికి పీహెచ్‌డీ మధ్యలో ఉంది. హెచ్‌ఓడీ గారు నన్ను పిలిచి, "మేడమ్, మీరు డేటాబేసులు బాగా చెప్తారు గదా, ఇదీ ఇంచుమించు అట్లాంటిదే" అన్నారు. అది అట్లాంటిది కాదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా సరేనన్నాను.

అప్పటికి క్రిప్టో గురించి నాకు తెలిసిందల్లా పేపర్లో చదివిందే. ఎవరో కొన్నారు, ఎవరో మోసపోయారు, పోలీసులు హెచ్చరించారు. అంతకుమించి తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. మాది చిత్తూరు. మా నాయనకు బెల్లం మండీ ఉంది. సరుకంటే వేలితో నొక్కి, చిన్న ముక్క నాలుక మీద వేసుకుని చూసేది. అట్లాంటి ఇంట్లో పెరిగిన మనిషిని, చేతికి అందని నాణేల గురించి పిల్లలకు ఏం చెప్పాలా అని భయపడుతూ పుస్తకాలు ముందేసుకున్నాను.

కాలేజీ చంద్రగిరి దాటినాక ఉంటుంది. చిత్తూరు నుంచి పొద్దున్నే కాలేజీ బస్సు బయల్దేరుతుంది. అందులో నా పక్క సీటు మ్యాథ్స్ చెప్పే మేడమ్‌ది. నాకంటే చాలా చిన్నది. వాళ్ల నాన్నకు బజారువీధిలో వాచీలు రిపేరు చేసే షాపు. కింద షాపు, పైన ఇల్లు. ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు. మాతో మాట్లాడేటప్పుడు మాత్రం ఆమె తెలుగులో చిత్తూరు యాస నాకంటే ఎక్కువగా వినబడుతుంది. బస్సులో రెండు మూడు నెలలు పక్కపక్కన కూర్చునేసరికి 'మేడమ్' పోయి 'అక్కా' వచ్చింది, 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది.

ఒకరోజు నేను డిజిటల్ సంతకాల పాఠం దగ్గర ఆగిపోయి అదే పేజీని తిప్పి తిప్పి చదువుతుంటే ఆమె వంగి చూసింది.

"ఇది నాకిచ్చేయక్కా. ఇది కంప్యూటర్ కాదు, లెక్కలు" అంది.

పాకాల క్రాస్ వచ్చేలోగా ఆమె దాన్ని నాకు అరటిపండు ఒలిచినట్టు చెప్పింది. తాళంచెవి ఎవరికీ చూపించకుండానే ఈ తాళం నాదని రుజువు చెయ్యొచ్చంట. చూసే ప్రతివాడూ ఆ రుజువు నిజమేనని సరిచూసుకోవచ్చంట, కానీ దాన్నిబట్టి తాళంచెవి ఎట్లా ఉంటుందో కనుక్కోలేడంట. నేను ఇరవై ఏళ్లుగా కంప్యూటర్లు చెప్తున్నాను. ఆ మాట పుస్తకంలో అంతకుముందు కూడా చదివే ఉంటాను. ఆ పొద్దున ఆమె నోట విన్నాక మాత్రం, మనిషి మెదడు ఇట్లాంటిది కూడా ఊహించిందా అనుకున్నాను.

అప్పట్నించి పొద్దున పోయేటప్పుడు ఒక గంట, సాయంత్రం వచ్చేటప్పుడు ఒక గంట ఆ బస్సే మా బడి అయింది. నేను నేర్చుకుని పిల్లలకు చెప్పాలి. ఆమెకు చెప్పాల్సిన అవసరం ఏమీ లేదు, ఉత్త ఆసక్తి. తొందర్లోనే నన్ను దాటిపోయింది.

వంతెన సంగతి తెచ్చింది కూడా ఆమే.

"ఈ మెయిన్ చెయిన్ అంటే అందరి దగ్గరా ఉండే ఒకటే లెక్కల పుస్తకం గదా. దాంట్లో ఒక్క నాణెం చేతులు మారితే, లోకంలో దాన్ని నడిపే కంప్యూటర్లన్నీ ఆ ముక్క రాసుకోవాల. అందుకే నిదానం, అందుకే ఫీజు ఎక్కువ" అంది.

"మరి వాడే జనం పెరిగితే?"

"పెరిగేకొద్దీ ఇరుకే గదక్కా. అందుకని పక్కనే ఇంకో చెయిన్ వేసినారు. ఆడ పని తొందరగా అయిపోతాది. కానీ నాణెం ఈడ ఉండాది, వాడుకోవాల్సింది ఆడ. దానికే బ్రిడ్జి."

"ఎట్ల పోతాది ఈడ్నించి ఆడికి?"

"పోదు" అంది ఆమె నవ్వుతూ. "అదే తమాషా. నాణెం యాడికీ పోదు. ఈ పక్క దాన్ని పెట్టెలో పెట్టి తాళం వేస్తారు. తాళం పడిందని కాపలా కాసే కంప్యూటర్లు చూస్తాయి. చూసి, అవును పడింది అని సంతకం చేస్తాయి. సరిపోయినన్ని సంతకాలు చేరితే, ఆ పక్క దానికి సరిగ్గా సమానమైన నాణెం ఒకటి పుడతాది. తిరిగి రావాలంటే ఆ పక్కది చావాల. అప్పుడు ఈ పక్కది బయటికొస్తాది."

పుట్టడం, చావడం అనే మాటలు ఆమె మామూలుగానే వాడింది. నాకు మాత్రం ఆ రోజంతా అవే తిరిగాయి. క్లాసులో బోర్డు మీద రెండు గీతలు గీసి, మధ్యలో వంతెన గీసి, దాని మీద ఏం గియ్యాలో తెలియక చాక్‌పీస్ పట్టుకుని నిలబడ్డాను. వంతెన మీద ఏమీ నడవదు. ఒక మాట మాత్రం నడుస్తుంది. 'అక్కడ తాళం పడింది' అనే ఒక్క మాట.

నేర్చుకునేవాళ్ల కోసం నకలు చెయిన్లు కూడా ఉంటాయి. వాటిలో నాణేలకు విలువ ఉండదు, అడిగితే ఊరికే ఇస్తారు. మిగతా పద్ధతంతా అసలు దానిలాగే ఉంటుంది. ఆమె లాప్‌టాప్‌ను ఫోన్ నెట్‌కు కలిపి, అట్లాంటి నాణెం ఒకటి నా చేత పంపించింది. బస్సు పూతలపట్టు దాటి పోతోంది. నేను బటన్ నొక్కాను. ఈ పక్క నాణెం తాళంలో పడినట్టు కనబడింది. ఆ పక్క ఏమీ లేదు.

"ఇప్పుడు నా నాణెం యాడుండాది?" అన్నాను.

"ఈడ నీ చేతిలో లేదు. ఆడ ఇంకా పుట్టలేదు."

"అంటే యాడా లేదా?"

"అట్ల అనుకోవద్దక్కా. పెట్టెలో ఉండాది. ఆ పెట్టె ఇప్పుడు ఎవురి మాట వింటాదనేదే లెక్క."

దేనికీ పనికిరాని నాణెం అది. అయినా నేను తెర మీంచి కళ్లు తిప్పలేదు. వెనక సీట్లో ఇంగ్లీషు సారు కునుకు తీస్తున్నారు. డ్రైవరు ఎవరో అడ్డమొస్తే గొణుక్కుంటున్నాడు. లోకంలో ఏయే ఊళ్లలోనో ఉన్న కంప్యూటర్లు, ఒకదాన్ని ఒకటి నమ్మాల్సిన పని లేనివి, నేను నొక్కిన బటన్ గురించి ఒక అంగీకారానికి వస్తున్నాయి. కాసేపటికి ఆ పక్క లెక్కలో ఒక చిన్న గీత వచ్చింది. నాణెం చేరింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె పట్టుకోనిచ్చింది. తనకూ మొదటిసారి అట్లాగే అయిందని తర్వాత చెప్పింది.

ఆ ఆదివారం మండీకి పోయి మా నాయనకు చెప్పాను. ఆయన పొద్దున వచ్చిన బెల్లం అచ్చులు చూస్తున్నాడు. చేతులు తుడుచుకుని బల్ల మీద కూర్చుని మొత్తం విన్నాడు. మా నాయన ఏది చెప్పినా పూర్తిగా వింటాడు.

"మధ్యలో ఎవురుండారు?" అన్నాడు.

"కంప్యూటర్లు నాయనా. వాటిని పెట్టిన మనుషులు వేరే వేరే దేశాల్లో ఉంటారు."

"ఒకరికొకరు తెలుసునా?"

"తెలియాల్సిన పని లేదు."

"వాళ్లంతా సరిగ్గా సూసి సెప్పినా, విన్నోడు తప్పుగా వింటే?"

పుస్తకంలో చూసి చెప్తానన్నాను. ఆయన తల ఊపి, "రుచి సూడు, ఇది పెనుమూరు పక్కనించి వచ్చినాది" అని నా చేతిలో ఒక బెల్లం ముక్క పెట్టాడు.

మామిడికాయల కాలం వచ్చింది. మా జిల్లాలో ఆ రోజుల్లో రోడ్లన్నీ తోతాపురి కాయలవే. గుజ్జు ఫ్యాక్టరీల ముందర ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. లోపలికి పోయే వంతు వచ్చేదాకా రైతులు అక్కడే వండుకుని, ట్రాలీ కిందే పడుకుంటారు. ఎండకు కాయలు మగ్గిపోయి ఆ వాసన బస్సులోకి కూడా వస్తుంది. ఒక సాయంత్రం పూతలపట్టు కూడలి దగ్గర మా బస్సు ఆ బారుల మధ్య ఇరుక్కుపోయింది. ముందుకూ పోదు, వెనక్కీ పోదు. డ్రైవరు ఇంజన్ ఆపేసి దిగిపోయాడు.

ఆమె లాప్‌టాప్ తెరిచింది. మేము వాడే ఆ వంతెనను నడిపేవాళ్లు కోడ్ కొత్తది పెట్టారని, దాన్ని నకలు చెయిన్ మీద నడిపి చూస్తానని అంది. ఒక నాణెం పంపింది. అక్కడ సిగ్నల్ సరిగా లేదు, పైగా ఆ చెయిన్ మీద కూడా ఆ రోజు రద్దీ ఉన్నట్టుంది. ఎంతకీ అవతల చేరలేదు. ఆ పేజీలో ఒక బటన్ ఉంది, ఫీజు పెంచి తొందరగా పంపమని అడిగేది. ఆమె దాన్ని నొక్కింది. నేను కిటికీలోంచి ట్రాక్టర్లను చూస్తున్నాను. ఒక ముసలాయన ట్రాలీ చక్రానికి ఆనుకుని అన్నం తింటున్నాడు.

"అక్కా" అంది ఆమె.

ఆ పిలుపు మామూలుగా లేదు. తిరిగి చూశాను.

"నేను ఒకటే గదా పంపినాను?"

"ఒకటే."

"రెండు వచ్చినాయి సూడు."

చూశాను. ఈ పక్క పెట్టెలో తాళం పడింది ఒక నాణేనికే. ఆ పక్క ఆమె పేరు మీద రెండు పుట్టాయి. ముందు ఇద్దరమూ తెర తప్పు చూపిస్తోందనుకున్నాం. పేజీ మళ్లీ తెరిచాం. రెండే. ఆమె మళ్లీ ఒకటి పంపి, అది చేరకముందే ఫీజు పెంచే బటన్ నొక్కింది. మళ్లీ రెండు వచ్చాయి.

ఆమె ముఖంలో రంగు పోయింది. నాకు అప్పటికి ఇంకా పూర్తిగా అర్థం కాలేదు. ఆమె కోడ్ తెరిచి, వేలితో ఒక్కో వరుసా చూపిస్తూ మెల్లగా చెప్పింది. వంతెన మీద పోయే ప్రతి మాటకూ ఒక గుర్తు ఉంటుంది. ఒకసారి విన్న మాటనే మళ్లీ వింటే, ఆ గుర్తు చూసి, ఇది విన్నదే అని అవతలి పక్క వదిలెయ్యాలి. కొత్త కోడ్‌లో ఆ గుర్తును తయారుచేసేటప్పుడు ఫీజును కూడా అందులో కలిపేశారు. ఫీజు మారితే గుర్తు మారిపోతుంది. మాట అదే. అవతలి పక్కకు మాత్రం అది ఎప్పుడూ వినని మాట. అందుకని రెండోసారి కూడా ఒక నాణేన్ని పుట్టిస్తుంది.

"ఇది నకలు దాంట్లోనే గదా?" అన్నాను.

ఆమె అసలు వంతెన కోడ్ తెరిచింది. ఇట్లాంటి వాటి కోడ్ ఎవరైనా చదువుకునేట్టు బయటే పెట్టి ఉంటుంది. కొత్త కోడ్ అక్కడ కూడా పెట్టేశారు, పెట్టి ఎంతో కాలం కాలేదు. ఆ వరుస అక్కడా అట్లాగే ఉంది.

ఆ వంతెన పెట్టెలో ఎందరివో నిజమైన నాణేలు తాళంలో ఉన్నాయి. వాళ్లు ఎవరో మాకు తెలియదు. అవతలి పక్క ఊరికే పుట్టిన నాణెంతో ఎవరైనా తిరిగి వస్తే, ఈ పక్క పెట్టెలోంచి బయటికొచ్చేది ఆ తెలియనివాళ్లదే. అట్లా వస్తూ పోతూ ఉంటే పెట్టె ఖాళీ అయిపోతుంది. అదంతా ఒక బటన్ రెండోసారి నొక్కడం అంత తేలిక. బస్సులో మా చుట్టూ ఉన్నవాళ్లు మామిడి ధర గురించి మాట్లాడుకుంటున్నారు. ఆ క్షణంలో మేమిద్దరం ఎంత పెద్ద తలుపు ముందర నిలబడి ఉన్నామో, అది ఎట్లా తెరుచుకుని ఉందో తలుచుకున్నాను. భయమే అది, కానీ ఉత్త భయం కాదు. కొండ అంచుకు పోయి లోయలోకి చూసినప్పుడు అయినట్టు అయింది.

"అసలు దాన్ని మనం ముట్టుకోకూడదక్కా. పరీక్షకు కూడా" అంది ఆమె.

"వద్దు. మరి ఎవురికి సెప్పాల? దానికి ఓనరంటూ ఎవరైనా ఉండారా?"

"ఓనరు లేరు. నడిపేవాళ్లు ఉండారు. తప్పు కనపడితే రహస్యంగా చెప్పడానికి ఒక మెయిల్ అడ్రసు పెట్టినారు. దానికే రాయాల. ఇంకెవురికీ చెప్పద్దు. క్లాసులో కూడా, మనోళ్ల గ్రూపుల్లో కూడా."

బస్సు కదిలేసరికి పొద్దు వాలింది. చిత్తూరులో నేను మా ఇంటికి పోకుండా ఆమెతో వాళ్లింటికి పోయాను. కింద షాపులో వాళ్ల నాన్న కంటికి భూతద్దం పెట్టుకుని ఏదో వాచీ మీద వంగి ఉన్నాడు, తల ఎత్తలేదు. పైన వాళ్లమ్మ మాకు టీ ఇచ్చి, మా ముఖాలు చూసి, కాలేజీలో ఏమన్నా గొడవా అని అడిగింది. కాదమ్మా, లెక్క ఒకటి తేలడం లేదు అని ఆమె చెప్పింది. అది అబద్ధం కాదు.

ఇద్దరం కలిసి రాశాం. ఎక్కడ తప్పుందో, ఏం చేస్తే రెండు పుడుతున్నాయో, నకలు చెయిన్ మీద మేం చేసినవి ఎక్కడ చూడొచ్చో, అంతే. నేను ఇంగ్లీషు సరిచూశాను. ఆమె కోడ్ వరుసలు సరిచూసింది. మేము ఎవరమో రాయలేదు. పంపినాక ఆమె తెర మీద అసలు వంతెన పేజీ తెరిచి పెట్టింది. వంతెన దాటుతున్న నాణేలు ఒకదాని కింద ఒకటి వరసగా వచ్చి చేరుతున్నాయి. ఒక్కో గీతా ఎవరో ఒకరిది. వాటిలో ఏదైనా జంటగా వస్తుందేమోనని రెప్ప వెయ్యకుండా చూస్తున్నాం.

టీ చల్లారిపోయింది. జవాబు వచ్చింది. ఒక్క వాక్యమే. చూశామని, దయచేసి ఎవరికీ చెప్పవద్దని, ఆపుతున్నామని.

ఆపడం కూడా ఒక్కరి చేతిలో ఉండదు. దానికి తాళంచెవులు కొందరి దగ్గర విడివిడిగా ఉంటాయి. ఒక్కొక్కరు ఒక్కో దేశంలో. వాళ్లలో సగానికి మించి సంతకం చేస్తేగాని వంతెన ఆగదు. ఆ సంతకాలు కూడా అందరికీ కనబడేట్టే పడతాయి. ఒకటి పడింది. కొంచెం ఆగి ఇంకొకటి. ఎవరు వాళ్లు? ఒకరు ఆఫీసులో ఉన్నారేమో, ఒకరు అన్నం ముందర కూర్చున్నారేమో, ఒకరిని నిద్ర లేపారేమో. మేము చూస్తుండగా ఇంకో సంతకం పడింది. అంతే. వరసగా వచ్చి చేరుతున్న గీతలు ఆగిపోయాయి. పేజీ అట్లాగే ఉంది, కొత్తగా ఒక్కటి కూడా రావడం లేదు.

ఆమె లేచి కిటికీ దగ్గరికి పోయి నిలబడింది. కింద బజారువీధిలో ఆటోలు హారన్లు కొడుతున్నాయి, పూలమ్మే ఆమె ఎవరితోనో బేరమాడుతోంది. లోకంలో ఎక్కడెక్కడివాళ్లో వాడుతున్న ఒక వంతెన, చిత్తూరు మేడ మీద గదిలోంచి పోయిన నాలుగు మాటలకు ఆగిపోయింది. బజారులో ఎవరికీ తెలియదు. నాకు ఏడుపు వచ్చినట్టయింది. ఎందుకో ఇప్పటికీ సరిగా చెప్పలేను. మమ్మల్ని చూడకుండానే, మా పేర్లు అడగకుండానే వాళ్లు నమ్మారు. నమ్మారంటే మమ్మల్ని కాదు, మేము చూపించినదాన్ని తామే సరిచూసుకుని నమ్మారు. నాకు అది ఇంకా గొప్పగా తోచింది.

ఒక్క అనుమానం మిగిలింది. మాకంటే ముందే ఎవరైనా ఆ తలుపు చూశారా? దాన్ని తేల్చడానికి ఎవరినీ అడగాల్సిన పని లేదని ఆమె అంది. ఈ పక్క పెట్టెలో తాళం పడిన నాణేలు ఎన్నో అందరికీ కనబడతాయి. ఆ పక్క పుట్టి బతికున్నవి ఎన్నో కూడా కనబడతాయి. రెండూ సమానంగా ఉంటే అంతా క్షేమం. ఆమె ఒక చిన్న ప్రోగ్రాం రాసి నడిపింది. అది మొదటి గీత నుంచి చివరి గీత దాకా చదువుకుంటూ పోతుంటే మేము చూస్తూ కూర్చున్నాం. ఇద్దరు లెక్చరర్లకు, ఏ హోదా లేనివాళ్లకు, అంత పెద్ద పెట్టె మూత తీసి లోపల అంతా సరిగ్గా ఉందో లేదో చూసే హక్కు ఎవరిచ్చారు? ఎవరూ ఇవ్వలేదు. అది మొదట్నించీ అందరికీ ఉంది.

రెండు పక్కలా లెక్క సరిపోయింది. ఆమె "అల్హమ్దులిల్లా" అని మెల్లగా అంది. నేను వెంకన్నకు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

వాళ్లు కోడ్ సరిచేశారు. సరిచేసింది ముందుగా మాకే పంపి చూడమన్నారు. ఆమె రోజూ బస్సులో దాన్నే చదివింది. గుర్తులోంచి ఫీజును తీసేశారు, అది మామూలే. దానికి తోడు, పెట్టెలో ఉన్నవాటికంటే అవతల పుట్టినవి ఎక్కువైతే వంతెన తనంతట తనే ఆగిపోయే ఏర్పాటు ఒకటి చేర్చమని ఆమె రాసింది. వాళ్లు చేర్చారు. బహుమానం కూడా ఇచ్చారు, దాని సంగతి ఇక్కడ అవసరం లేదు. కృతజ్ఞతలు చెప్పే చోట ఏ పేరు పెట్టమంటారు అని అడిగారు. ఆమె వాళ్ల ఇంటిపేరు వద్దంది, నేను నా పేరు వద్దన్నాను. చివరికి ఆమె 'పూతలపట్టు' అని రాసింది. ఆ పేరు ఎట్లా పలకాలి అని అవతలి నుంచి ఒకాయన అడిగితే, గొంతు రికార్డు చేసి పంపింది. ఆయన తిరిగి పలికి పంపింది విని బస్సులో చాలాసేపు నవ్వుకున్నాం.

వంతెన మళ్లీ తెరిచేది ఒక ఆదివారం మధ్యాహ్నం అని తెలిసింది. నేను వాళ్లింటికి బయల్దేరుతుంటే మా నాయన కూడా వస్తానన్నాడు. ఆయన చేతి వాచీ వెనకబడుతోందంట, షాపులో చూపించుకోవాలంట. వాచీ కింద ఇచ్చేసి, మెట్లెక్కి పైకి వచ్చి మా పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అప్పటికి నేను ఆయనకు జరిగింది మొత్తం చెప్పి ఉన్నాను.

సంతకాలు పడ్డాయి. పేజీ కాసేపు ఖాళీగానే ఉంది. తర్వాత ఈ పక్క ఒక నాణేనికి తాళం పడినట్టు గీత వచ్చింది.

"ఎవురిదది?" అన్నాడు మా నాయన.

"తెలీదు నాయనా."

"ఏ దేశం?"

"అదీ తెలీదు."

ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ముగ్గురం ఆ తెలియని మనిషి నాణెం కోసం ఎదురు చూశాం. మా ఇంట్లోవాళ్ల ప్రయాణం గురించి కూడా నేను ఎప్పుడూ అంత ఆత్రపడి ఉండను. ఆ పక్క గీత వచ్చింది. ఒకటే వచ్చింది. రెండోది రాలేదు.

"సేరిందా?" అన్నాడు.

"సేరింది పెద్దాయనా" అంది ఆమె.

మా నాయన తెర వైపే చూస్తూ ఉండిపోయాడు. ఇంకో గీత వచ్చింది, ఇంకొకటి వచ్చింది. కింది నుంచి వాచీ అయిపోయిందని పిలుపు వచ్చినా ఆయన లేవలేదు.

ఆమె ఇప్పుడు కాలేజీకి రావడం లేదు. ఇట్లాంటి వంతెనల కోడ్‌లో తప్పులు వెతికే పని చేస్తోంది. అది కూడా ఆ మేడ మీద గదిలోంచే. బస్సులో నా పక్క సీట్లో ఇప్పుడు కెమిస్ట్రీ మేడమ్ కూర్చుంటుంది. నేను ఆ సబ్జెక్టు ఇంకా చెప్తూనే ఉన్నాను, ఎవరైనా తీసుకుంటామన్నా ఇవ్వను. బోర్డు మీద రెండు గీతలు గీసి, మధ్యలో వంతెన గీసి, దాని మీద నడిచేది ఒక మాట మాత్రమే అని పిల్లలకు చెప్పేటప్పుడు, ఇన్నిసార్లు చెప్పినా, నా గొంతు కొంచెం తగ్గుతుంది. పిల్లలు అది గమనించి నిశ్శబ్దంగా వింటారు.